బంతి రాకముందే మెడ తిప్పాలి: పెట్రోవ్ కెరీర్ నుంచి బెంగళూరు టర్ఫ్ దాకా

బెల్లందూరు, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ ఫుట్‌బాల్ అకాడమీ గేటు దగ్గర సాయంత్రం ఆరింటికి నిలబడినా ఒక మాట తెలుగులో వినిపిస్తుంది: "మావాడిని స్ట్రైకర్‌గా ఆడించండి సర్." మిడ్‌ఫీల్డ్‌లో వేయమని అడిగే తండ్రి కనపడడు. గోల్ కొట్టినవాడి పేరే పేపర్లో పడుతుంది కనక అలా అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే పదకొండు పన్నెండేళ్ల పిల్లాడికి ఆట మొత్తం అర్థం కావాలంటే కొన్నాళ్లు మధ్యలో నిలబెట్టాలి. మధ్యలో ఏం నేర్పాలో చెప్పడానికి బల్గేరియా మిడ్‌ఫీల్డర్ స్టిలియన్ పెట్రోవ్ కెరీర్ కంటే మంచి పాఠ్యపుస్తకం నాకు కనపడలేదు. మెస్సీ, మోడ్రిచ్‌లను చూసి పిల్లలు మురిసిపోతారు గానీ వాళ్ల దగ్గర కాపీ కొట్టడానికి వీలైంది తక్కువ. పెట్రోవ్ అలా కాదు. అతను చేసినవన్నీ మామూలు పనులే. వాటిని చాలాసార్లు, సరైన క్షణంలో చేశాడు.

1979 జులై 5న బల్గేరియా వాయవ్య మూల మోంటానాలో పుట్టాడు. అప్పటికి ఆ ఊరి పేరు మిహైలోవ్‌గ్రాడ్. 1993లో కమ్యూనిస్టు కాలపు పేరు తీసేసి మోంటానా అన్నారు. రాజధానిలో సీఎస్‌కేఏ సోఫియాకు ఆడి, 1999లో ఇరవై ఏళ్ల వయసులో స్కాట్లాండ్‌లోని సెల్టిక్ క్లబ్బుకు వెళ్లాడు. ఇంగ్లిష్ రాదు. గ్లాస్గో యాస ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే అర్థం కాదు. పైగా అతనిది కాని రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) స్థానంలో ఆడించారు. భాష పట్టుబడటానికి ఒక స్నేహితుడి బర్గర్ బండిలో నిలబడి పనిచేశానని అతనే చెప్పుకున్నాడు. ఈ సంగతి ఎందుకు ఎత్తానో కింద తెలుస్తుంది.

2000లో మార్టిన్ ఓనీల్ మేనేజర్‌గా వచ్చాక మధ్యలోకి మారాడు. తన పెనాల్టీ బాక్సు నుంచి అవతలి పెనాల్టీ బాక్సు దాకా తిరిగే మిడ్‌ఫీల్డర్ అయ్యాడు. ఆ సీజన్లో సెల్టిక్ స్కాట్లాండ్‌లోని మూడు కప్పులూ ఎత్తుకుపోయింది. 2001లో అక్కడి ఉత్తమ యువ ఆటగాడి అవార్డు ఇతనికే వచ్చింది. అదే ఏడాది మార్చిలో కాలు విరిగింది కూడా. మొత్తం నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచాడు. 2003లో సెవిల్యాలో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఎఫా కప్ ఫైనల్ ఆడాడు. అది ఎక్స్‌ట్రా టైమ్‌లో పోర్టో చేతిలో 3-2తో పోయింది. 2006 ఆగస్టులో మళ్లీ ఓనీలే అతన్ని ఇంగ్లండ్‌లో ఆస్టన్ విల్లా క్లబ్బుకు తీసుకెళ్లాడు. అక్కడ క్రమంగా వెనక్కి జరిగి, డిఫెండర్ల ముందు నిలబడి ఆట నడిపించే పనిలోకి మారాడు, కెప్టెన్ అయ్యాడు. దేశం తరఫున 105 మ్యాచ్‌లు ఆడాడు.

అంటే ఒకే మనిషి మూడు ఉద్యోగాలు చేశాడు: గీత పక్కన రైట్ బ్యాక్, పరుగులు తీసే మిడ్‌ఫీల్డర్, వెనక నిలబడి నడిపించేవాడు. ప్రతిదానిలో కళ్లకు పడే పని వేరు. రైట్ బ్యాక్‌కి టచ్‌లైన్, అంటే మైదానం పక్కగీత, వీపు వెనక ఉంటుంది. అటునుంచి ఎవడూ రాడు, కాబట్టి సగం లోకాన్ని చూసుకుంటే చాలు. మధ్యలో నిలబడ్డవాడికి నాలుగు దిక్కుల నుంచీ వస్తారు. పెట్రోవ్ మొదటి ఏడాదిని వృథా అయిన ఏడాదిగా రాసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. పిల్లలకు నేర్పేటప్పుడు సరిగ్గా ఆ వరుసే పనికొస్తుంది. తిన్నగా మధ్యలో దించితే కంగారుపడే పిల్లాడిని ఆరు వారాలు గీత పక్కన ఆడించండి. సగం లోకం చూడటం అలవాటైతే, తర్వాత రెండో సగం అంత బరువనిపించదు.

ఇక పిల్లలు యూట్యూబ్‌లో చూడదగ్గ బల్గేరియా గోల్ ఒకటుంది, అది పెట్రోవ్‌ది కాదు. 1994 జులై 10, అమెరికాలో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఎదురుగా జర్మనీ. ఆ కప్పుకు ముందు బల్గేరియా ఐదు ప్రపంచకప్‌లలో 16 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. ఆ మ్యాచ్‌లో మతేయస్ పెనాల్టీతో జర్మనీ ముందుంది. 75వ నిమిషంలో స్టోయిచ్‌కోవ్ ఫ్రీకిక్‌తో స్కోరు సమం చేశాడు. 78వ నిమిషంలో కుడివైపు నుంచి యాంకోవ్ క్రాస్ వేశాడు. యోర్డాన్ లెచ్‌కోవ్ అనే మిడ్‌ఫీల్డర్ గాల్లోకి దూకి తలతో లోపలికి కొట్టాడు. అందరూ ఆ బట్టతల, ఆ డైవ్ చూస్తారు. మీరు వీడియోని నాలుగు సెకన్లు వెనక్కి తిప్పి చూడండి. యాంకోవ్ బంతి కొట్టే సమయానికి లెచ్‌కోవ్ బాక్సులో నిలబడి ఎదురుచూడటం లేదు, పరుగులో ఉన్నాడు. అతని పక్కనున్న జర్మన్ ఆటగాడు హెస్లర్, పొడవు 1.66 మీటర్లు. పొడవాటి డిఫెండర్లంతా ముందే బాక్సులో ఉన్న ఫార్వర్డ్‌లను పట్టుకుని కూర్చున్నారు. వెనక నుంచి ఆలస్యంగా వచ్చినవాడిని ఆపే బాధ్యత పొట్టివాడి మీద పడింది. అంటే ఆ గోల్‌లో తల చేసింది సగం పనే. మిగతా సగం ఆలస్యంగా రావడం వల్ల జరిగింది. బల్గేరియా ఆ కప్పులో నాలుగో స్థానంలో నిలిచింది.

బల్గేరియా వాళ్లతో మనకూ పాత లెక్క ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో 3-0తో మనల్ని ఓడించింది బల్గేరియానే. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. హాఫ్‌బ్యాక్‌గా ఆడినవాళ్లలో బెంగళూరు కెంపయ్య ఒకరు. అప్పటి హాఫ్‌బ్యాక్ అంటే ఇప్పటి మిడ్‌ఫీల్డరే. ఆ పేర్లు హలసూరు, ఆస్టిన్ టౌన్ వైపు పాతవాళ్ల నోట ఇంకా వినపడతాయి. ఐటీ కోసం వచ్చి స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో మాత్రం ఫుట్‌బాల్ అంటే ఇంగ్లిష్ ప్రీమియర్ లీగే. అశోక్ నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో జిల్లా లీగ్ మ్యాచ్ ఒకటి చూపించండి. మిడ్‌ఫీల్డర్ ఎంత అరుస్తాడో టీవీలో వినపడదు, అక్కడ వినపడుతుంది.

సరే, ఆటగాడు కోచ్ అయ్యాక జరిగేదేమిటి? బల్గేరియాకే ఆడిన క్రాసిమిర్ బలాకోవ్‌ని తీసుకోండి. పెట్రోవ్ కంటే ప్రతిభావంతుడని నా లెక్క. వెలికో తర్నోవోలో పుట్టిన ఎడమకాలి వాటం మిడ్‌ఫీల్డర్. లిస్బన్‌లో స్పోర్టింగ్‌కు ఆడి, 1995 నుంచి 2003 దాకా స్టుట్‌గార్ట్‌లో ఉన్నాడు. 1997లో జర్మన్ కప్ గెలిచిన ఆ జట్టులో ఫార్వర్డ్‌లు ఎల్బర్, బోబిచ్‌లకు బంతులందించింది ఇతనే. 1994 ప్రపంచకప్ ఆల్‌స్టార్ జట్టులో కూడా చోటు దక్కింది. కోచ్‌గా మాత్రం స్విట్జర్లాండ్, క్రొయేషియా, జర్మనీ అన్నీ తిరిగినా ఆటగాడిగా వచ్చిన పేరులో సగం కూడా రాలేదు. 2012లో చివరి స్థానాల్లో ఉన్న జర్మన్ క్లబ్బు కైజర్స్‌లౌటర్న్‌ని చేతికిచ్చారు, నిలబెట్టలేకపోయాడు. 2019లో బల్గేరియా జాతీయ జట్టు కోచ్‌గా వచ్చి, సోఫియాలో ఇంగ్లండ్ చేతిలో 6-0తో ఓడాక తప్పుకున్నాడు. పెట్రోవ్ కూడా ఆట మానేశాక విల్లాలోనే కొంతకాలం కోచింగ్ బృందంలో పనిచేశాడు. పెద్ద ఆటగాడికి ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, అతని కాలికి తెలిసినదానికి నోట్లో మాట ఉండదు. బంతి రాకముందు మెడ ఎందుకు తిప్పావని అడిగితే "అలా చేస్తాం కదా" అంటాడు. ఆ "అలా"ని ముక్కలు చేసి పన్నెండేళ్ల వాడికి అందించడమే పిల్లల కోచ్ పని. అది ఆడటం కంటే వేరే విద్య.

ఆ ముక్కలు ఎలా చేయాలో బెంగళూరు లెక్కల్లో చెబుతాను. టర్ఫ్ బుకింగ్ గంట. మామూలు ఫైవ్స్ టర్ఫ్ (ఐదుగురేసి ఆడే కృత్రిమ గడ్డి మైదానం) సుమారు 30 మీటర్ల పొడవు, 18 నుంచి 20 మీటర్ల వెడల్పు. పిల్లలు 12 మంది, వయసు 11-12. సామాను: 4వ సైజు బంతులు 8, పళ్లెం కోన్లు 20, జెర్సీ మీద వేసుకునే రెండు రంగుల బిబ్‌లు రంగుకు ఐదు చొప్పున, స్టాప్‌వాచ్. ఈ వయసుకి 5వ సైజు బంతి వద్దు. నాలుగో సైజు 350 నుంచి 390 గ్రాములుంటుంది, ఐదోది 410 నుంచి 450. ఆ అరవై గ్రాముల తేడాకే పిల్లలు పాస్ కొట్టాల్సిన చోట తన్నడం మొదలెడతారు. గాలి కూడా చూసుకోండి. నియమం ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ దాకా ఉండొచ్చు. టర్ఫ్ మీద కింది అంకె దగ్గరే ఉంచాలి. రాయిలా బిగిస్తే మొదటి టచ్‌కే బంతి మోకాలెత్తు లేస్తుంది, పిల్లాడేమో తప్పు తన కాలిదనుకుంటాడు. పంపు సూదిని తడిపి గుచ్చండి. పొడి సూది వాల్వ్ రబ్బరుని చీల్చేస్తుంది, బంతి రాత్రికి రాత్రే మెత్తబడుతుంది.

మొదటి ఐదు నిమిషాలు ఎవరొస్తే వాళ్లు బంతితో తిరగడమే. ముందు బ్యాచ్ బయటికి వెళ్లేసరికి మూడు నిమిషాలు ఎటూ పోతాయి. తర్వాత పది నిమిషాలు అసలు పాఠం. ముగ్గురేసి నాలుగు గుంపులు. ముగ్గురూ ఒకే వరుసలో, మనిషికీ మనిషికీ 8 మీటర్లు. మొదటివాడు బంతి ఇస్తాడు, మధ్యవాడు అందుకుంటాడు, మూడోవాడు మధ్యవాడి వీపు వెనక ఉంటాడు. మూడోవాడికి రెండు దారులు: కదలకుండా నిలబడటం, లేదా మీదికి ఉరకడం. ఏది చేస్తాడో ముందు చెప్పడు. వాడు నిలబడితే మధ్యవాడు వెనక్కి తిరిగి వాడికే పాస్ ఇవ్వాలి. మీదికొస్తే తిరగకుండా మొదటివాడికే వెనక్కి కొట్టాలి. ఒక్కొక్కరు 60 సెకన్లు మధ్యలో ఉంటారు, తర్వాత మార్పు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, దాన్ని పిల్లలకు చెప్పాలి. పన్నెండేళ్ల పిల్లాడు 8 మీటర్ల పాస్ కొడితే బంతి చేరడానికి సుమారు ఒక సెకను. ఆ సెకనులో మెడ తిప్పి, చూసి, మళ్లీ బంతి వైపు తిరిగేసరికి అది కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి మొదటి చూపు ఇచ్చేవాడి కాలు బంతిని తాకకముందే పడాలి. రెండోది బంతి దారిలో ఉన్నప్పుడు, కుదిరితేనే. చాలామంది కోచ్‌లు "చూడు, చూడు" అని అరుస్తారు గానీ ఎప్పుడు చూడాలో చెప్పరు. ఇచ్చేవాడి తల కిందికి వంగగానే వెనక్కి చూడమనండి. తల వంగిందంటే కొట్టబోతున్నాడని అర్థం.

ఇందులో జరిగే తప్పులు నాకు తెలిసి మూడు. మొదటిది గంగిరెద్దు చూపు. కోచ్ చెప్పాడు కదా అని పిల్లాడు రెండువైపులా తలూపుతాడు, కంటికి ఏమీ ఆనదు. పట్టుకోవడం తేలిక: మూడోవాడు ఉరికినా వీడు తిరిగేసి వాడి కాళ్లలోకే కొడతాడు. రెండోది కోచ్ చేసే పొరపాటు. కొందరు వెనక నిలబడి వేళ్లు చూపిస్తారు, రంగు కోన్ ఎత్తి ఏ రంగో అరవమంటారు. మొదటి రెండు వారాలకు అది బాగానే ఉంటుంది. ఆ తర్వాత పిల్లలు ఆటను వదిలేసి కోచ్ చేతిని వెతకడం నేర్చుకుంటారు. మ్యాచ్‌లో కోచ్ చెయ్యి ఉండదు, ఉరికే డిఫెండర్ ఉంటాడు. అందుకే కోన్లు తీసేసి మనిషిని పెట్టాలి. మూడోది కాళ్లది. బంతి ఇచ్చేవాడికి ఎదురుగా, ఛాతీ అటుపెట్టి నిలబడితే ఎంత మెడ తిప్పినా వెనక సగం కనపడదు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎలా పక్కకి తిరిగి, ఒక కాలు ముందూ ఒక కాలు వెనకా వేసి నిలబడతాడో అలా నిలబడమనండి. మన పిల్లలకు ఈ పోలిక వెంటనే ఎక్కుతుంది. బంతిని దూరపు కాలితో, అంటే ఇచ్చేవాడికి అవతలున్న కాలితో ఆపాలి. దగ్గరి కాలితో ఆపితే బంతి కాళ్ల కిందే ఇరుక్కుంటుంది, తిరగడానికి ఇంకో రెండు టచ్‌లు ఖర్చవుతాయి.

తర్వాతి 12 నిమిషాలు రాండో. నలుగురు బయట, ఇద్దరు లోపల, 8 మీటర్ల చదరం. బయటివాళ్లు బంతిని పాస్ చేసుకుంటుంటే లోపలివాళ్లు లాక్కోవాలి. రెండు చదరాలు వేస్తే పన్నెండు మందీ సరిపోతారు. 5 మీటర్ల చదరం వేస్తే ఈ వయసు పిల్లలు భయంతో బంతి వదిలించుకుంటారు, చూడటం జరగదు. 12 మీటర్లు వేస్తే లోపలి ఇద్దరూ రెండు నిమిషాలకే నడకలోకి దిగుతారు. పెద్దవాళ్ల వీడియోలు చూసి ఒకే టచ్ నిబంధన పెట్టకండి. మొదటి నెల ఎన్ని టచ్‌లైనా సరే, తర్వాత రెండు. ఇంకో సంగతి: బంతి పోగొట్టినవాడు లోపలికెళ్లాలనే పాత పద్ధతి మానేయండి. అది శిక్షలా ఉంటుంది, దాంతో తెలివైన పిల్లలు బంతి తమ దగ్గరికి రాకుండా దాక్కోవడం నేర్చుకుంటారు. మధ్యలో ఆడాల్సినవాడికి ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. ఎవరు పోగొట్టినా 45 సెకన్లకోసారి విజిల్ వేసి లోపలి ఇద్దరినీ మార్చండి.

ఇప్పుడు లెచ్‌కోవ్ పరుగు, 12 నిమిషాలు. దీనికి టర్ఫ్‌ని అడ్డంగా సగం చేసి, రెండు గోల్స్ దగ్గరా ఆరుగురేసి. గోల్‌కి 12 మీటర్ల దూరంలో, మధ్యలో ఒక కోన్ పెట్టండి, పరిగెత్తేవాడు అక్కడ మొదలెడతాడు. కుడిగీత పక్కన, గోల్ లైనుకి 5 మీటర్ల ముందు బంతి వేసేవాడు. ఒక డిఫెండర్, ఒక కీపర్, మిగతా ఇద్దరు వరుసలో. వేసేవాడు బంతిని ఒకసారి ముందుకు తోసి, తల వంచి, నేలబారుగా వెనక్కి కోసి ఇస్తాడు. తల వంగిన క్షణంలో పరుగు మొదలవ్వాలి, దగ్గరి పోస్టుకీ గోల్ మధ్యకీ మధ్యలో బంతిని కలవాలి. పది సార్లలో ఏడు సార్లు పిల్లాడు ముందే వెళ్లిపోయి, ఆగి, వెనక పడ్డ బంతి కోసం వంకర తిరుగుతాడు. అప్పుడు "నెమ్మదిగా వెళ్లు" అంటే పరుగు చచ్చిపోతుంది. కోన్‌ని మూడు మీటర్లు వెనక్కి జరపండి, వేగం తగ్గించకుండానే సమయం కుదురుతుంది. ఎడమవైపు నుంచి కూడా అన్నే సార్లు చేయించాలి.

తలతో కొట్టించొద్దు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ వయసు పిల్లలకు ప్రాక్టీస్‌లో హెడింగ్ వద్దన్నారు. అమెరికాలో పదేళ్లలోపు వాళ్లకు అంతకు ముందే ఆపేశారు. లెచ్‌కోవ్ వీడియో చూపిస్తే వెంటనే డైవ్ చేయబోతారు. టర్ఫ్ మీద డైవ్ చేస్తే మోచేతులు, మోకాళ్లు గీరుకుపోతాయి. నేర్పేది పరుగు, ముగింపు కాలితోనే.

మిగిలిన సమయమంతా ఆట. ఇద్దరు కీపర్లు, నలుగురు నలుగురు, ఇద్దరు ఉమ్మడి మిడ్‌ఫీల్డర్లు. బంతి ఎవరి దగ్గరుంటే ఈ ఇద్దరూ వాళ్లవైపు. వాళ్లకు టర్ఫ్ మధ్యలో 8 మీటర్ల వెడల్పు పట్టీ కేటాయించండి. ఆ ఇద్దరిలో ఒకడు అందుకుని తిరిగి ముందుకిచ్చిన బంతి గోల్ అయితే రెండు పాయింట్లు. స్ట్రైకర్ కావాలనుకునే పిల్లాడు కూడా అప్పుడు మధ్యవాడిని వెతుక్కుంటాడు. ఆ ఇద్దరినీ నాలుగు నిమిషాలకోసారి మార్చండి. బెంగళూరు టర్ఫ్‌లకు చుట్టూ వల ఉంటుంది కదా, మేడ మీదివైతే మరీను. బంతి వలకు తగిలి తిరిగొస్తే ఆట సాగనివ్వడం ఇక్కడి అలవాటు. ఆ అలవాటుతో పాస్ బరువు, అంటే ఎంత గట్టిగా కొట్టాలన్న అంచనా, ఎప్పటికీ కుదరదు. ఎంత గట్టిగా కొట్టినా వల తిరిగిస్తుందని కాలికి తెలిసిపోతుంది. ఇదే పిల్లాడు పెద్ద మైదానంలోకి వెళ్లినప్పుడు అతని పాస్‌లన్నీ గీత దాటుతాయి. వలకు తగిలితే బయటికి పోయినట్టే అని మొదటి రోజే చెప్పేయండి.

కేకల సంగతి. పన్నెండు మంది పిల్లల్లో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, మలయాళం అన్నీ ఉంటాయి. తెలుగు పిల్లాడు "ఒరేయ్, నీ వెనకాల వస్తున్నాడు చూడు" అని మొత్తం వాక్యం చెప్పేలోపు బంతి పోతుంది. పైగా అవతలివాడికి అర్థం కాదు. పెట్రోవ్ బర్గర్ బండి దాకా వెళ్లింది ఇందుకే. మధ్యలో ఆడేవాడికి చూపు తర్వాత రెండో పనిముట్టు నోరు. మూడు మాటలు చాలు: వెనక ఖాళీ ఉంటే "టర్న్", మీదికొస్తుంటే "మ్యాన్", తొందరలేదంటే "టైమ్". బంతి కొట్టకముందే అరవాలి, వచ్చాక కాదు. పేరు పెట్టి పిలిస్తే ఇంకా మంచిది, అయితే పేరు ముందు, మాట తర్వాత. "టర్న్ కార్తీక్" అంటే కార్తీక్ తన పేరు వినేసరికే ఆలస్యమైపోతుంది.

బూట్ల గురించి కూడా అడుగుతుంటారు. టర్ఫ్ మీద పొడవాటి స్టడ్‌లు వద్దు. గడ్డి కోసం చేసిన స్టడ్ రబ్బరు గుళికల్లో పాతుకుని, ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలిక మోకాలికి పోతుంది. తిరగడమే పనైన మిడ్‌ఫీల్డర్‌కి ఇది ఇంకా ముఖ్యం. చిన్న చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ షూ చాలు, తక్కువ ధరలో దొరికేవైనా పర్వాలేదు. ఎదిగే వయసులో మడమ వెనక నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి మామూలే. పిల్లలు చెప్పరు, జట్టులోంచి తీసేస్తారని భయం. ఆట మొదలయ్యాక మడమ ఎత్తి నడుస్తున్నాడేమో చూడండి. అలా ఉంటే దూకుళ్లు, స్ప్రింట్లు ఆపి డాక్టరుకి చూపించాలి. పాస్‌లు, చూపు పాఠం మాత్రం నిలబడి కూడా చేయొచ్చు.

జ్వరం విషయంలో ఎవరి మాటా వినకండి, పిల్లాడి మాట అసలు వినకండి. పెట్రోవ్ 2012 మార్చి 24న ఆర్సెనల్‌తో మ్యాచ్ ఆడాడు. ఆ తర్వాత జ్వరం వచ్చింది, పరీక్షలు చేస్తే అక్యూట్ లుకేమియా (రక్త క్యాన్సర్) అని మార్చి 30న బయటపెట్టారు. అతని జెర్సీ నంబరు 19 కాబట్టి విల్లా అభిమానులు ప్రతి మ్యాచ్‌లో 19వ నిమిషం లేచి చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ ఆగస్టుకి వ్యాధి అదుపులోకి వచ్చింది, 2013 మేలో ఆట నుంచి తప్పుకున్నాడు. 2016లో మళ్లీ విల్లాతో సీజన్ ముందు ప్రాక్టీస్ చేశాడు గానీ కాంట్రాక్టు దాకా రాలేదు. ప్రతి జ్వరమూ అదేనని భయపెట్టడం లేదు. బెంగళూరులో వానాకాలం అంతా డెంగీ తిరుగుతుంది. వైరల్ జ్వరంలో పరిగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది. జ్వరం తగ్గిందని మాత్ర వేసి తెచ్చినవాడిని గేటు దగ్గరే వెనక్కి పంపాలి. డెంగీ అయితే డాక్టరు సరేనన్నాకే, అదీ మొదట పాస్‌లతో మొదలుపెట్టి.

ఈ పని నేర్చుకుని చేయాలనుకునేవాళ్లకు మన దేశంలో మెట్లు స్పష్టంగా ఉన్నాయి: ఏఐఎఫ్ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఈ, డీ సర్టిఫికెట్లు, ఆపైన ఏఎఫ్‌సీ (ఆసియా సమాఖ్య) సీ, బీ, ఏ, ప్రో. చిన్నపిల్లల బ్యాచ్‌కి డీ వరకు చదివినవాడు కూడా చక్కగా నడిపించగలడు. పెద్ద క్లబ్బుకి ఆడాడా లేదా అన్నది తర్వాత అడగండి. ముందు ఒక గంట బయట నిలబడి చూడండి. పిల్లాడు తప్పు చేసినప్పుడు ఆ కోచ్ "ఏంట్రా అది" అంటున్నాడా, "బంతి రాకముందు వెనక ఎవరున్నారు?" అని అడుగుతున్నాడా? రెండోవాడి దగ్గర చేర్పించండి.

ఆఖరున వాన లెక్క, ఎందుకంటే మే నెల సాయంత్రాలూ, ఆగస్టు నుంచి అక్టోబరు దాకానూ ఈ ఊళ్లో తప్పదు. తడిసిన టర్ఫ్ మీద బంతి జారుతుంది కాబట్టి మనుషుల మధ్య దూరం 8 నుంచి 10 మీటర్లకు పెంచండి, పాఠం ఆపక్కర్లేదు. మెరుపు వేరు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిల్లలందరినీ లోపలికి తీసుకెళ్లాలి. ఇనుప స్తంభాలకు కట్టిన ఆ వల కింద అస్సలు నిలబెట్టొద్దు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగాలి. బుకింగ్ డబ్బులు పోతాయి, పోనీయండి.